ఆటల పీరియడ్‌లో బాధ్యత నేర్పడం: చార్టు పెట్టాక చేయాల్సిన అసలు పని

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వ్యాయామ విద్య చెబుతున్నారు. క్లాసుకు నలభై మంది, పీరియడ్ నలభై నిమిషాలు. ఆటలు ఆడిస్తే క్రమశిక్షణ, కలిసి మెలగడం వాటంతటవే వస్తాయని మొదట అనుకున్నారు. వచ్చినవేమో అవుటా కాదా అనే గొడవలు, బాగా ఆడేవాళ్ల పెత్తనం, ఓ పది మంది గోడవారన చేరి కూర్చోవడం. వ్యక్తిగత, సామాజిక బాధ్యత నేర్పే పద్ధతి గురించి చదివి, ఐదు స్థాయిల చార్టు గోడకు పెట్టారు. వారానికోసారి దాని గురించి మాట్లాడారు. నెల గడిచినా ఏ మార్పూ లేదు. లోపం ఎక్కడుంది, ఇప్పుడేం చేయాలి?

సూటిగా చెబుతాను. లోపం చార్టులో లేదు. మీరు వివరంగా రాసిన పీరియడ్‌ను చూస్తే, అందులో పిల్లలు నిర్ణయించేది ఒక్కటీ లేదు. ఏ ఆటో మీరే చెబుతారు. ఫౌల్‌కు విజిల్ మీరే ఊదుతారు. గొడవైతే తీర్పు మీదే. చివర్లో ఎవరు బాగా ప్రవర్తించారో చెప్పేదీ మీరే. ఇంత పద్ధతిగా నడిచే క్లాసులో పిల్లలు నేర్చుకునేది మీ మాట వినడం ఒక్కటే. మీరు పక్కకు తిరిగితే అదీ ఉండదు. పిల్లల చేతిలో నిజంగా ఏదైనా పెట్టనిదే బాధ్యత గురించి ఎంత చెప్పినా అది ఉపన్యాసమే అవుతుంది.

ఆటలు మంచి గుణాలు నేర్పుతాయన్న నమ్మకం మన వృత్తిలో చాలా పాతది. కానీ ఒకే ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక పిల్లాడు కిందపడ్డ ప్రత్యర్థికి చేయి అందిస్తాడు, ఇంకొకడు రిఫరీ చూడనప్పుడు చొక్కా పట్టి లాగడం నేర్చుకుంటాడు. ఆట ఇద్దరికీ ఒకటే. ఆ ఆటను పెద్దవాళ్లు ఎలా నడిపారు, దేన్ని చూసీ చూడనట్టు వదిలేశారు, దేని దగ్గర ఆగి మాట్లాడారు అన్నదాన్ని బట్టే పిల్లాడు ఎటు వెళ్తాడో తేలుతుంది.

మీరు చార్టు పెట్టిన ఈ బాధ్యత పద్ధతికి రూపం ఇచ్చినవారు డాన్ హెలిసన్ అనే అమెరికన్ అధ్యాపకుడు. 1970లలో, చదువు మీద ఆసక్తి పోయి తరచూ గొడవల్లో ఇరుక్కునే టీనేజీ పిల్లలతో పనిచేస్తూ ఆయన దీన్ని మొదలుపెట్టారు. మొదట పోర్ట్‌లాండ్‌లో, తర్వాత చాలా ఏళ్లు షికాగోలో అలాంటి పిల్లల మధ్యే ఉంటూ సరిదిద్దుకుంటూ వచ్చారు. ఇది పుస్తకంలో పుట్టి మైదానానికి వచ్చిన సిద్ధాంతం కాదు, మైదానంలో పుట్టి తర్వాత పుస్తకాలకు ఎక్కినది. అందుకే మీ క్లాసులో మార్పులు చేసుకోవడానికి వెనకాడకండి. ఆయన చేసిందీ అదే.

ఐదు స్థాయిలు మీకు తెలుసు కానీ, పిల్లలకు చెప్పే భాషలో ఒకసారి చూద్దాం. మొదటిది, ఇతరుల హక్కులనూ మనసునూ గౌరవించడం: కోపం వచ్చినా చేతినీ నోటినీ అదుపులో పెట్టుకోవడం, ఆడే హక్కు అందరికీ ఉందని ఒప్పుకోవడం, తగువును మాటలతో తేల్చుకోవడం. రెండోది ప్రయత్నం, సహకారం: రాని పనిని కూడా మొదలుపెట్టి చూడడం, కష్టం కాగానే వదిలేయకపోవడం. మూడోది, ఒకరు చెప్పకుండా తన పని తాను చేసుకోవడం, తనకంటూ ఒక లక్ష్యం పెట్టుకోవడం, స్నేహితుల ఒత్తిడికి లొంగకపోవడం. నాలుగోది ఇతరులకు సాయపడడం, ముందుండి నడిపించడం. ఐదోది, ఈ నాలుగింటినీ మైదానం బయటకు, క్లాసుకూ ఇంటికీ వీధికీ తీసుకెళ్లడం.

వీటిని మెట్లలా చూడకండి. సోమవారం చిన్నపిల్లలకు ఎంతో ఓపికగా పాస్ నేర్పిన అమ్మాయే బుధవారం ఓడిపోయి బంతిని కాలితో తన్నేయొచ్చు. మొదట్లో హెలిసన్ చార్టులో ఈ ఐదింటికి కింద సున్నా స్థాయి కూడా ఉండేది, బాధ్యత లేని ప్రవర్తనకు గుర్తుగా. చాలామంది ఉపాధ్యాయులు దాన్ని పట్టుకుని "నువ్వు జీరోలో ఉన్నావు" అని పిల్లల మీద ముద్ర వేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అంకె ఆ నిమిషం ప్రవర్తనకే తప్ప పిల్లాడికి కాదు. ఆ అంకె చెప్పుకోవాల్సిందీ పిల్లాడే, మీరు కాదు.

ఇక పీరియడ్ సంగతి. ఈ పద్ధతిలో పీరియడ్‌కు ఐదు భాగాలుంటాయి: పిల్లలతో విడిగా మాట కలిపే సమయం, ఆ రోజు ఏ బాధ్యత మీద దృష్టి పెడతామో చెప్పే చిన్న మాట, అసలు ఆట, అందరూ కూర్చుని మాట్లాడుకునే మీటింగ్, చివర్లో ఎవరికి వాళ్లు తమను బేరీజు వేసుకోవడం. నలభై నిమిషాల్లో ఇన్ని ఎలా అని టెన్షన్ పడొద్దు. ఆట కాక మిగిలిన నాలుగూ కలిపి పది, పన్నెండు నిమిషాలు దాటకూడదు. పిల్లలు వచ్చింది కదలడానికి. వాళ్లను ఎండలో వరుసగా నిలబెట్టి పావుగంట నీతులు చెబితే మొదటి స్థాయిని ఉల్లంఘించింది మనమే అవుతుంది.

నలభై మందితో రోజూ విడిగా మాట్లాడలేరు, నిజమే. పీరియడ్‌కు ముగ్గురు, నలుగురు చాలు. వాళ్లు మైదానానికి నడిచి వచ్చేటప్పుడో, బంతులు సర్దేటప్పుడో ఒక్క మాట. "నిన్న బంతి నెట్‌కు తగిలినా మళ్లీ మళ్లీ వేశావు, చూశాను" లాంటిది. హాజరు పుస్తకంలో ఒక చిన్న గుర్తు పెట్టుకోండి, లేకపోతే అల్లరి చేసేవాళ్లతోనూ బాగా ఆడేవాళ్లతోనూ మాట్లాడి మధ్యలో ఉండే పాతిక మందిని మరిచిపోతాం. ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక బలం ఉంది, తనదైన తీరు ఉంది, చెప్పాల్సిన మాట ఉంది, నిర్ణయం తీసుకునే శక్తి ఉంది. ఈ నాలుగు విషయాలనూ గుర్తించి గౌరవించడమే పిల్లలతో ఉపాధ్యాయుడి సంబంధానికి పునాది అని హెలిసన్ చెప్పేవారు. ఐదు భాగాల్లో నేను దేన్నీ వదులుకోను కానీ, తప్పనిసరై ఒక్కదాన్నే ఉంచమంటే దీన్నే ఉంచుతాను.

బాధ్యత ఆటలో కలిసిపోవాలి. విడిగా ఒక పాఠంగా చెప్పారనుకోండి, పిల్లలు దాన్ని ఓపిక పట్టి భరించి, తర్వాత మామూలుగా ఆడేస్తారు. కలపడం ఎలా ఉంటుందో వాలీబాల్‌లో అండర్‌హ్యాండ్ పాస్ నేర్పే పీరియడ్ మీద చూపిస్తాను.

మొదట ఒక్క ప్రశ్న: "జతలో ఒకరికి పాస్ రావడం లేదు. రెండోవాళ్లు ఏం చేస్తే సాయం, ఏం చేస్తే ఎగతాళి?" ఇద్దరు ముగ్గురు జవాబు చెబుతారు. అక్కడితో ఆ మాట అయిపోయింది, రెండు నిమిషాల్లోపే. తర్వాత జతలుగా సాధన. నేల మీద మూడు గీతలు వేయండి, దగ్గరిది, మధ్యది, దూరంది. ఏ గీత దగ్గర నిలబడాలో పిల్లలే ఎంచుకోవాలి. బంతి ఒకసారి నేలను తాకాక కొట్టాలా, గాల్లోనే కొట్టాలా అన్నదీ వాళ్ల ఇష్టమే. రాని పిల్లాడు దగ్గర గీత నుంచి మొదలుపెట్టి, కుదిరాక తనంతట తాను ఒక అడుగు వెనక్కి వేస్తే, అదే రెండో స్థాయి. అతను పక్కవాడితో పోటీ పడటం లేదు, నిన్నటి తనతో పడుతున్నాడు.

ఆ తర్వాత ఒకరు కొడుతుంటే ఇంకొకరు చూస్తారు. చూడాల్సినవి రెండే: మోచేతులు వంచకుండా చేతులు చాచారా, మోకాళ్లు వంగాయా. ఐదు పాస్‌లు అయ్యాక ముందు బాగున్నది, తర్వాత మార్చుకోవాల్సింది చెప్పాలి. ఇది నాలుగో స్థాయి. ఇక్కడ ఒక విషయం గమనించండి. సాయం చేసేవాళ్లు ఎప్పుడూ బాగా ఆడేవాళ్లే కానక్కర్లేదు. ఆటలో వెనకబడిన పిల్లల్లో చాలామందికి కన్ను బాగా పనిచేస్తుంది, మాట మెత్తగా ఉంటుంది. వాళ్లకు ఆ అవకాశం వచ్చిన రోజు క్లాసులో వాళ్ల స్థానమే మారిపోతుంది.

ఆట సమయంలో చివరి ఎనిమిది, పది నిమిషాలు సొంత పని. గోడ మీద మూడు పనులు రాసి పెట్టండి: గోడకేసి పాస్ సాధన, సర్వీస్ సాధన, నలుగురేసి నలుగురు చిన్న ఆట. ఏది చేయాలో వాళ్లే తేల్చుకోవాలి. మీరు విజిల్ జేబులో పెట్టుకుని తిరగండి. ఇది మూడో స్థాయి, ఉపాధ్యాయులకు అన్నిటికంటే కష్టమైనది. చేయి విజిల్ వైపే పోతుంది, ఆపుకోవాలి.

అందరికీ ఒకేసారి ఇంత స్వేచ్ఛ ఇవ్వమని కాదు. ఇచ్చింది నిలబెట్టుకుంటే ఇంకాస్త, నిలబెట్టుకోలేకపోతే కాస్త వెనక్కి. అకార్డియన్ తిత్తిని లాగినట్టు, నొక్కినట్టు అని హెలిసన్ దీనికి ఆ వాయిద్యం పేరే పెట్టారు. వెనక్కి తీసుకునేటప్పుడు కోపం చూపించకండి. "ఈరోజు పది నిమిషాలు మనకు కుదరలేదు. రేపు ఐదుతో చూద్దాం" అంటే చాలు. మళ్లీ పెరిగే దారి తెరిచి ఉందని పిల్లలకు తెలియాలి.

గొడవల విషయానికి వస్తాను, మీరు ఎక్కువగా బాధపడిందీ దాని గురించే. అవుటా కాదా అన్న తగువు రిఫరీ ఉన్నంతకాలం తగ్గదు, ఎందుకంటే పిల్లల పని నిజం చెప్పడం కాదు, రిఫరీని ఒప్పించడం. చిన్న ఆటల్లో రిఫరీని తీసేయండి. ఫ్రిస్బీతో, అంటే గాల్లోకి విసిరే పళ్లెం లాంటి దానితో, ఆడే అల్టిమేట్ అనే ఆటను చూడండి. 1968లో ఒక అమెరికన్ హైస్కూల్ విద్యార్థులు మొదలుపెట్టిన ఆ ఆటలో ప్రపంచ పోటీల్లో కూడా ఫౌల్ చెప్పేది ఆటగాళ్లే. ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే మాట్లాడుకుంటారు, తేలకపోతే చాలా సందర్భాల్లో ఫ్రిస్బీని విసిరినవాళ్లకే తిరిగి ఇచ్చి మళ్లీ ఆడతారు. మీ క్లాసుకూ ఇదే నియమం పెట్టండి: తేలకపోతే పాయింట్ మళ్లీ ఆడాలి, మీ దగ్గరకు రాకూడదు. మొదట్లో ప్రతి పాయింటుకూ వాదిస్తారు. వాదిస్తూ ఉంటే ఆడే సమయం పోతోందని వాళ్లకే అర్థమవుతుంది, ఆ పాఠం మీరు చెప్పక్కర్లేదు.

ఇద్దరు నిజంగా కొట్లాడుకునే దాకా వస్తే మైదానం పక్కన ఒక బెంచీ ఉంచండి. ఇద్దరూ అక్కడ కూర్చుని మాట్లాడుకుని, ఏం తేల్చుకున్నారో మీకు చెప్పాకే ఆటలోకి రావాలి. ఎవరిది తప్పని మీరు అడగరు. అయితే ఒక హెచ్చరిక. ఇది సమానుల మధ్య తగువుకు మాత్రమే. ఒక పిల్లవాడిని ఇంకొకడు రోజూ వేధిస్తుంటే వాళ్లిద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి మీరే తేల్చుకోండి అనడం అన్యాయం. బలహీనుడు భయంతో "సరే సార్, అయిపోయింది" అంటాడు. వేధింపు కనిపిస్తే పెద్దవాళ్లే కలగజేసుకోవాలి, వెంటనే, గట్టిగా.

శిక్షగా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం, పుషప్‌లు తీయించడం మీ క్లాసులో ఉంటే ఈ రోజే ఆపేయండి. ఒళ్లు కదిలించడం జీవితాంతం ఇష్టంగా చేయాలని మనం కోరుకుంటాం, అదే పనిని శిక్షగా వాడితే పిల్లలు దాన్నే ద్వేషించడం నేర్చుకుంటారు. ప్రవర్తన అదుపు తప్పితే కాసేపు పక్కన కూర్చోమనండి, కానీ ఎప్పుడు తిరిగి రావాలో ఆ పిల్లవాడినే నిర్ణయించుకోనివ్వండి. "నువ్వు సిద్ధం అనుకున్నప్పుడు రా" అనండి. మళ్లీ అదే జరిగితే, వచ్చేసారి కోపం వచ్చినప్పుడు తను ఏం చేస్తాడో ఒక ప్లాన్ మీతో కూర్చుని చెప్పాకే ఆటలోకి రానివ్వండి.

గోడవారన కూర్చునే పది మంది గురించి. వాళ్లను సోమరులని అనుకోవద్దు. ఇద్దరు కెప్టెన్లు అందరి ముందూ ఒక్కొక్కరినీ ఎంచుకుంటుంటే చివరిదాకా మిగిలిపోయిన అనుభవం వాళ్లలో చాలామందికి ఉంటుంది. మీ క్లాసులోనూ టీమ్‌లు అలాగే వేస్తున్నానని రాశారు. అది మానేయండి. టీమ్‌లు మీరు ముందే రాసుకుని రండి, లేదా ఏదో ఒక వంతు పద్ధతి పెట్టండి. పదకొండేసి మంది టీమ్‌ల బదులు నలుగురైదుగురి టీమ్‌లు వేస్తే బంతి అందరి దగ్గరకూ వస్తుంది. అప్పటికీ రాని పిల్లలు ఉంటే వాళ్లను విడిగా అడగండి: "ఈ ఆటలో ఏం మారిస్తే నువ్వు వస్తావు?" వాళ్లు చెప్పింది మీటింగ్‌లో నియమంగా ప్రతిపాదించండి. శారీరక ఇబ్బందులున్న పిల్లల విషయంలోనూ ఈ ప్రశ్నే ముందు. నియమం మార్చడం మొత్తం క్లాసు పనిగా ఉండాలి, ఆ ఒక్కరికి చేసే దయలా ఉండకూడదు.

మీటింగ్ అంటే ఐదు నిమిషాలు గుండ్రంగా కూర్చోవడం. ఈరోజు ఏది బాగుంది, ఏది బాగాలేదు, టీచర్‌గా నేను చేసిందాంట్లో ఏది మార్చాలి అని మీరు అడగాలి. మొదటి రెండు, మూడు వారాలు ఎవరూ నోరు విప్పరు, లేదా "బాగుంది సార్" అంటారు. ఆ మౌనాన్ని మీ మాటలతో నింపకండి. ఒకరోజు ఎవరో ఒకరు "మీరు ఎప్పుడూ వాళ్ల టీమ్‌కే కొత్త బంతి ఇస్తారు" అంటారు. ఆ క్షణంలో మీ ముఖం ఎలా ఉంటుందన్నదే ముఖ్యం. సంజాయిషీ చెప్పకుండా "సరే, రేపటి నుంచి ఏం చేద్దాం?" అని అడిగి, మర్నాడు నిజంగా మార్చి చూపించండి. తమ మాటకు విలువ ఉందని పిల్లలు నమ్మేది అప్పుడే.

చివరి రెండు నిమిషాలు ఎవరికి వాళ్లు ఆలోచించుకోవడం. బొటనవేలు పైకి, పక్కకి, కిందకి చూపించడం చాలు: "ఈరోజు ఇతరుల ఆట చెడగొట్టకుండా ఉన్నానా? రాకపోయినా ప్రయత్నించానా?" కిందకి చూపించినవాళ్లను తిట్టకండి. తిడితే రేపు అందరి వేళ్లూ పైకే ఉంటాయి. దీన్ని మార్కులకు ముడిపెట్టినా అదే జరుగుతుంది.

ఐదో స్థాయి గురించి నిజాయితీగా చెప్పాలి. ఈ పద్ధతి మీద వచ్చిన పరిశోధనల్లో క్లాసు లోపల ప్రవర్తన మెరుగైందన్న ఆధారాలు బలంగా ఉన్నాయి, మైదానం బయట జీవితంలోకి వెళ్లిందన్న ఆధారాలు అంతకంటే పలుచన. దానంతటదే వెళ్లదు కాబట్టి మనమే దారి వేయాలి. మీటింగ్‌లో ఒక ప్రశ్న బయటి దాని గురించి ఉండాలి: "ఈ వారం కోపం వచ్చి ఆగింది ఎక్కడైనా జరిగిందా, క్లాసులోనో ఇంట్లోనో?" లెక్కల టీచర్‌తోనో క్లాసు టీచర్‌తోనో మాట్లాడి, ఒక మంచి మార్పు కనిపిస్తే మీకు చెప్పమనండి. మర్నాడు ఆ పిల్లాడితో "లెక్కల పీరియడ్‌లో పక్కవాడికి సాయం చేశావట" అంటే, రెండు చోట్లా తాను ఒకే మనిషినని అతనికి తెలుస్తుంది. ఫిర్యాదులు మాత్రం ఈ దారిలో రానివ్వకండి.

మీరు సరిగ్గా చేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి మంచి సాధనం ఒకటి ఉంది. పాల్ రైట్, మార్క్ క్రెయిగ్ 2011లో ప్రచురించిన పరిశీలనా పత్రం అది. అందులో ముఖ్యంగా చూసేది ఉపాధ్యాయుడిని. ఐదేసి నిమిషాలకు ఒకసారి తొమ్మిది విషయాలు గమనిస్తారు: గౌరవంగా మెలిగి చూపడం, ఏం ఆశిస్తున్నారో స్పష్టంగా చెప్పడం, అందరికీ గెలుపు అందేలా చూడడం, పిల్లల మధ్య మాటలు కలపడం, నిర్వహణ పనులు అప్పగించడం, నాయకత్వం ఇవ్వడం, ఎంపికా మాటా ఇవ్వడం, అంచనా వేయడంలో భాగం ఇవ్వడం, బయటి జీవితంతో ముడిపెట్టడం. సాటి ఉపాధ్యాయుడినో ఉపాధ్యాయురాలినో ఒక పీరియడ్ వచ్చి గమనించి రాయమనండి. నేను చూసిన క్లాసుల్లో మొదటి రెండు, మూడు నిండుగా ఉంటాయి, చివరి మూడు దాదాపు ఖాళీ. మీ క్లాసూ అలాగే ఉంటుందని నా అంచనా. పని మొదలుపెట్టాల్సింది ఆ ఖాళీ గడుల్లోనే.

ఎంపిక ఇవ్వకూడని చోట్లు కూడా ఉన్నాయి. జావెలిన్, షాట్‌పుట్ విసిరేటప్పుడు, జిమ్నాస్టిక్స్ పరికరాల మీద, ఈత కొలను దగ్గర నియమాలు మీవే, చర్చ లేదు. ఎందుకో మాత్రం పిల్లలకు వివరించండి.

ఇవన్నీ వచ్చే వారం అన్ని క్లాసుల్లోనూ పెట్టకండి. ఒక్క క్లాసు ఎంచుకోండి, మరీ అల్లరి క్లాసు కాకుండా, మీకు కాస్త చనువున్న క్లాసు. మొదటి రెండు వారాలు మూడే మార్పులు: కెప్టెన్ల ఎంపిక మానడం, గీతల ఎంపిక ఇవ్వడం, చివర్లో ఐదు నిమిషాల మీటింగ్. మూడో వారం సొంత పని సమయం ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. రిఫరీ లేని ఆట దాని తర్వాత. చార్టును అలాగే ఉంచండి, కానీ పిల్లలను తమ మాటల్లో మళ్లీ రాయమనండి.

మొదట్లో మీ క్లాసులో చప్పుడు పెరుగుతుంది, కిటికీలోంచి చూసేవాళ్లకు అదుపు తప్పినట్టే కనిపిస్తుంది. ప్రధానోపాధ్యాయులకు ముందే చెప్పి ఉంచండి: ఏం చేయబోతున్నారు, ఎందుకు, ఎన్ని వారాలు. వీలైతే ఒక మీటింగ్‌కు వచ్చి వెనక కూర్చోమనండి. గొడవలు ఎన్ని జరిగాయో కాక, మీ దాకా రాకుండా పిల్లలే తేల్చుకున్నవి ఎన్నో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆరు వారాల తర్వాత ఆయన అడిగినప్పుడు చూపించడానికి ఆ పుస్తకం మీ దగ్గర ఉండాలి.